దడి తలుపు

మా ఆయన పోయిన ఏడాదికి మా అమ్మాయి నన్ను కువైట్‌లోని ఫర్వానియాకు పిలిపించుకుంది. ఆమె అక్కడ నర్సు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని పుస్తకాలు చదువుకోవడం నాకేమీ కష్టంగా లేదని చెప్పినా వినలేదు. వచ్చిన మొదటి శుక్రవారమే, "నువ్వూ నాయనా పనిచేసిన చోటు చూద్దువు రా మా" అని కారులో ఫింతాస్ దాటించి సముద్రం ఒడ్డుకు తీసుకుపోయింది. ఆ చోటు నేను గుర్తుపట్టలేదు. మేమున్న ఇల్లు లేదు. దాని స్థలంలో ఎత్తయిన భవనం ఉంది. ఒడ్డు పొడుగునా నడవడానికి రాళ్లు పరిచిన దారి, కూర్చోవడానికి బల్లలు ఉన్నాయి. ఆ దారి పక్కన ఒక బోర్డు ఉంది. దాని మీద చేపల బొమ్మలు, ఒక్కొక్క బొమ్మ కింద ఆ చేప ఎంత పొడవుంటే పట్టవచ్చో, ఏయే నెలల్లో అసలు పట్టకూడదో అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. తప్పితే జరిమానా అని కింద ఎర్రగా రాశారు. నేను దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాను. మా అమ్మాయి ఫోను చూసుకుంటూ నిలబడింది.

బోర్డుకు నాలుగడుగుల దూరంలో ఇద్దరు మనుషులు గాలాలు వేసి కూర్చున్నారు. మాట విని మనవైపు వాళ్లేనని తెలిసి పలకరించాను. లక్కిరెడ్డిపల్లె దగ్గర పల్లెట. అబ్బాసియాలో గదిలో ఉంటారట. "శుక్రవారం గదా పెద్దమ్మా, రూములో పండుకోని ఏం జేస్తాం" అన్నాడు ఒకడు. వాళ్ల బకెట్లో వేలెడంత చేపలు కొన్ని మెదులుతున్నాయి. "ఇంత చిన్నవి పట్టగూడదని ఆడ రాసుండాది కదా నాయనా" అన్నాను. అతను బోర్డు వైపు చూడనైనా చూడకుండా, "ఆ బోర్డు పెద్ద చేపలకు పెద్దమ్మా. మాయి చిన్నయి" అన్నాడు. రెండోవాడు పగలబడి నవ్వాడు. "వాని మాటలు నమ్మొద్దు పెద్దమ్మా. ఆఫీసరోళ్ల బండి కనపడితే బకెట్టు మా నెత్తిన పెట్టి అందరికన్నా ముందు పరిగిత్తేది వాడే." నేనూ నవ్వాను. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మాయి, ఆ బోర్డు అంతసేపు ఎందుకు చదివావని అడిగింది. మీ నాయనకు అదంతా నోటికొచ్చు అని మాత్రం చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

పెళ్లైన రెండో ఏడు మేమిద్దరం కువైట్ వచ్చాం. ఆయన ఆ ఇంటికి కాపలాదారు, నేను పనిమనిషిని. యజమాని పేరు అబూ నాసిర్. మేం బాబా అనేవాళ్లం. ఆయన భార్యను మామా అనేవాళ్లం. బాబా ఓడరేవులో ఏదో ఉద్యోగం చేసి మానేసిన మనిషి. పిల్లలు పెద్దవాళ్లై వేరే ఊళ్లలో ఉండేవాళ్లు. మామాకు తుంటి విరిగి మంచానికి పరిమితమైంది. చక్కెర జబ్బు కూడా. నా పనిలో ఎక్కువ భాగం ఆమె మంచం చుట్టూనే. ఆమెను లేపి కూర్చోబెట్టడం, తుడవడం, జడ వేయడం, కాళ్లకు నూనె రాయడం, అన్నం మెత్తగా కలిపి తినిపించడం. ఇంట్లో ఎప్పుడూ ఎండబెట్టిన నిమ్మకాయల వాసన, ఊదు పొగ, వాటి కిందుగా చేపల నీచు ఉండేవి. వచ్చిన కొత్తలో ఆ మూడూ కలిసి నాకు తలనొప్పి తెచ్చేవి. తర్వాత సెలవులో ఊరికి పోయినప్పుడు ఆ వాసన లేక మా ఇల్లే కొత్తగా అనిపించింది. మామా నోరు పదునైంది. నేను కాచిన చారు తాగి, "యా బింతీ, ఓ పిల్లా, ఇది మందా, వంటా?" అని అడిగేది. మందైతే చేదుగానైనా ఉండాలి కదా అనేది.

బాబా రోజు సముద్రాన్ని బట్టి నడిచేది, గడియారాన్ని బట్టి కాదు. తెల్లవారి నమాజు అయ్యాక గహ్వా కాఫీ తాగుతూ వసారాలో కూర్చుని నీళ్లను చూసేవాడు. మాది వంకలూ వాగులూ కూడా ఎండిపోయే సీమ. సముద్రం రోజూ వెనక్కి పోయి మళ్లీ వస్తుందని నాకు తెలియదు. మొదటిసారి ఆటు చూసినప్పుడు, నీళ్లున్న చోట అంతదూరం బురదా ఇసకా కనిపిస్తే భయపడి మా ఆయన్ను పిలిచాను. ఆ బురదలో, ఒడ్డు నుంచి లోపలికి పొడుగ్గా ఒక దడి ఉండేది. ఇనుప గుంజలు పాతి వాటికి తీగ వల కట్టిన దడి. దాన్ని వాళ్లు హద్రా అంటారు. పోటు సమయంలో ఒడ్డుకు మేతకొచ్చిన చేపలు, నీళ్లు వెనక్కి పోయేటప్పుడు వాటితో పాటు తిరిగి పోతూ ఈ దడికి తగులుకుంటాయి. లోతు వైపు పోతే బయటపడతామనుకుని దాని వెంటే పోతాయి. చివర దడి రెండుగా చీలి, గుండ్రంగా తిరిగి, ఒక చిన్న గదిలా అవుతుంది. చేపలు అందులోకి పోతాయి, తిరిగి రావడం తెలియదు. ఆ గదికి సముద్రం వైపు ఇనుప చట్రంతో ఒక తలుపు ఉంటుంది. తలుపు మూసి ఉంటే నీళ్లు పోయాక చేపలు ఆ మడుగులో మిగిలిపోతాయి. మనిషి నడిచిపోయి చేతివలతో తోడుకుంటాడు. తలుపు తీసి ఉంటే నీళ్లతో పాటు అవీ పోతాయి.

ఆ దడి బాబా తండ్రి కాలం నాటిది. ఆయన చేపలు అమ్మేవాడు కాదు. ఇంటికి కావలసినవి ఉంచి మిగతావి చుట్టుపక్కల ఇళ్లకు పంచేవాడు. ఎందుకు అమ్మరని మా ఆయన ఒకసారి అడిగితే, అమ్మితే అది పనవుతుంది, నేను పని మానేశాను కదా అన్నాడట. కానీ సరదాగా పట్టేదానికి అన్ని కట్టుబాట్లు ఎందుకో మాకు మొదట అర్థం కాలేదు. జుబైదీ అని మనం చందువా అనే చేప, అది గుడ్లు పెట్టే నెలల్లో దడిలో పడినా తీయకూడదు. ప్రభుత్వం వారి నిషేధం ఉండేది, కానీ బాబా ఆ గడువు మొదలు కాకముందే మొదలుపెట్టి, ముగిశాక కూడా కొన్నాళ్లు పాటించేవాడు. ఇంకొకటి జాన కొలత. ఆయన జానకు తక్కువైన చేపను వదిలేయాలి. బాబాది పెద్ద చేయి. మా ఆయన జానతో కొలిస్తే సరిపోయింది ఆయన జానతో కొలిస్తే చాలేది కాదు. అందుకని మా ఆయన బాబా చేతి కొలతకు ఈతమట్ట ముక్క ఒకటి కోసుకుని నడుముకు కట్టుకునేవాడు. మామా మంచం మీద నుంచి వెక్కిరించేది. "నీ చేతిని చూసి సముద్రంలో చేపలు పొడుగు సాగుతున్నాయా? మా నాన్న చేయి చిన్నది. మేం రోజూ కడుపునిండా తిన్నాం."

మూడోదే అసలైనది. అది మా తప్పు వల్ల తెలిసింది. ఫర్వానియాలో మస్తాన్ అని దర్జీ ఉండేవాడు. రాయచోటి మనిషి, మా ఆయన అన్నా అని పిలిచేవాడు. వాళ్లింట్లో బిడ్డకు పేరు పెడుతున్నారని మమ్మల్ని పిలిచారు. ఆ వారం బాబా, మామా కూడా పట్నంలో కొడుకింట్లో ఉన్నారు. మా ఆయన ఇల్లంతా తాళాలు వేసి, దడి దగ్గరికి కూడా పోయి, దాని తలుపు మూసి, తీగతో గట్టిగా బిగించి వచ్చాడు. మా ఊళ్లో ఇల్లు వదిలి పోయేవాడు చేసే పని అదే. ఊరికి పోతూ తలుపు తీసిపెట్టి పోయేవాణ్ని మేం ఎక్కడా చూడలేదు. నాలుగు రోజుల తర్వాత తిరిగి వచ్చేసరికి మాకంటే ముందే బాబా ఒడ్డున నిలబడి ఉన్నాడు. వాసన ఇంటి దాకా వస్తోంది. గదిలో చేపలు పొరలు పొరలుగా చచ్చి ఉన్నాయి. వాటి మీద పక్షులు వాలి ఉన్నాయి. మా ఆయన మెప్పు వస్తుందనుకుంటున్నట్టే, "దొంగలు రాకుండా తలుపు కట్టేసి పోయినా బాబా" అన్నాడు.

బాబా కోప్పడలేదు. గోనెసంచులు తెప్పించి తానూ నడుం వంచి ఆయనతో కలిసి అవన్నీ మోసి గొయ్యి తీసి పూడ్చాడు. పని అయ్యాక ఇసకలో కూర్చుని చెప్పాడు. వాళ్ల అరబ్బీని నా తెలుగులో రాస్తున్నాను. "రమణా, ఇంటి తలుపు వేరు, ఈ తలుపు వేరు. దడి నిద్రపోదు. దానికి శుక్రవారం లేదు. నువ్వు వచ్చినా రాకపోయినా నీళ్లు వచ్చి పోయినప్పుడల్లా అది పడుతూనే ఉంటుంది. తీసుకునేవాడు రాడని తెలిసిన రోజు అది తెరిచి ఉండాలి. లేకుంటే ఎవరి కోసమూ కాకుండా చంపుతుంది. అది హరామ్." ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో చేప వండలేదు. మామా మాత్రం ఊరుకోక, "మీ ఊళ్లో తలుపులు అంత గట్టివైతే నువ్వు ఇంత దూరం ఎట్లా తప్పించుకొచ్చావు?" అని మా ఆయన్ను అడిగింది.

ఇరాక్ సైన్యం వచ్చిన పొద్దున దడి తలుపు మూసి ఉంది. ముందురోజు సాయంత్రం మా ఆయన మామూలుగానే మూసి వచ్చాడు. తెల్లవారి ఆటుకు పోవలసిన మనిషి, ఉరుముల్లాంటి మోత విని ఆగాడు. వేసవి కాబట్టి బాబా పిల్లలు, ఇరుగుపొరుగు చాలామంది దేశం బయట ఉన్నారు. మామాను అంత దూరం తీసుకుపోలేక వీళ్లిద్దరూ ఉండిపోయారు. కొద్ది రోజుల్లోనే ఒడ్డున సైనికులు గుంతలు తవ్వి ఇసక బస్తాలు పేర్చుకున్నారు. ఇళ్లలోని మనుషులు నీళ్ల వైపు రాకూడదన్నారు. రేడియో ఏం చెబుతోందో, రొట్టెల కోసం నిలబడ్డ బారులో ఎవరు ఏమన్నారో అన్నీ ఇంట్లో మాట్లాడుకునేవాళ్లం. కానీ ఆటు వచ్చినప్పుడు గాలి ఇటు తిరిగితే ఆ కుళ్లు వాసన వచ్చేది. అప్పుడు బాబా మాట ఆపేసి లేచి లోపలికి పోయేవాడు. దేశం పోయిన మనిషి చేపల గురించి బాధపడటం నాకు వింతగా ఉండేది. మా ఆయనకు వింతగా లేదు.

ఒకరోజు ఆయన ఖాళీ బుట్ట ఒక చేత్తో పైకెత్తి, రెండో చేయి కూడా పైకెత్తి, సైనికుల దగ్గరికి నడిచిపోయాడు. నన్ను అడగలేదు. అడిగితే పోనిచ్చేదాన్ని కాదు. అక్కడి పెద్ద ఒక సార్జెంటు. బూట్లకు బదులు చెప్పులు వేసుకున్న నడివయసు మనిషి, బస్రా వైపు వాడు. దడిలో ఏముందో చెప్పగానే అతనికి అర్థమైంది. పగలు, తన కళ్ల ముందు పోయి రావచ్చు, సగం తమకు ఇవ్వాలి అన్నాడు. మా ఆయన ముందు కుళ్లినవన్నీ తీసి శుభ్రం చేశాడు. అప్పటినుంచి ఆ దడి మా ఇంటికీ, మిగిలిన ఇరుగుపొరుగుకీ, ఆ గుంతల్లో ఉన్నవాళ్లకీ తిండి పెట్టింది. మార్కెట్లో మాంసం దొరకడం మానేసింది. మామాకు చేప ఉడికించిన నీళ్లలో అన్నం నలిపి పెడితే తప్ప గొంతు దిగేది కాదు. ఆయన పోయిన ప్రతిసారీ నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తూ నిలబడేదాన్ని. ఆరేసిన బట్టలే మళ్లీ తీసి ఆరేసేదాన్ని. బురదలో ఆయన చిన్నగా కనిపించేవాడు. ఒడ్డున తుపాకులు కనిపించేవి.

మస్తాన్ అన్న ఒకరోజు ఎవరిదో కారులో వచ్చాడు. మనవాళ్లంతా బస్సుల్లో బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డానుకు పోతున్నారు, అక్కడినుంచి విమానం అన్నాడు. "మాకు సీట్లు దొరికినాయి. మీకూ చెప్పిపెట్టినా. మూటలు కట్టండప్పా" అన్నాడు. మా ఆయన చేపలు శుభ్రం చేస్తూ తల ఎత్తలేదు.

"ముసలామెను ఎత్తేదానికి ఇంకెవురుండారన్నా ఈడ?"

"నీ తల్లా ఆమె? ఏం రమణా, తుపాకుల ముందర బురదలో చేపలేరుకుంటాండావంట. ఫర్వానియా అంతా చెప్పుకొని నగుతాండారు. చేప కోసరం చచ్చినోడని నీ పేరు మీద రాయి వేయల్ల."

"రాయి వేస్తే దాని మీద చేప కూడా చెక్కించన్నా. జానెడుండాల."

మస్తాన్ అన్న నవ్వబోయి ఏడ్చాడు. నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పు మే" అన్నాడు. నేను లోపలికి చూశాను. మామా పక్క మార్చే వేళయింది. పోవాలని నాకు ఉంది. పోదామని నోరు తెరిచి అనలేదు, అంతే. మస్తాన్ అన్న ఒక సంచి చేపలు తీసుకుని వెళ్లిపోయాడు.

చలి మొదలయ్యేసరికి గుంతల్లోని సైనికులకు తిండి సరిగా రావడం లేదని చూస్తేనే తెలిసేది. కుర్రవాళ్లు, బెల్టులు బిగించి కట్టుకునేవాళ్లు. ఒకనాడు మా ఆయన దడి దగ్గర ఈతమట్ట ముక్కతో కొలిచి చిన్నవాటిని తలుపు అవతలికి విసురుతుంటే సార్జెంటు చూసి కేక పెట్టి పిలిచాడు. ఆ సంగతి మా ఆయన ఇంటికొచ్చి చెప్పాడు. "మేం ఆకలితో ఉంటే సముద్రానికి అన్నం పెడుతున్నావా?" అన్నాడట. బాబా మాట, చిన్నవి పట్టకూడదు అని మా ఆయన చెప్పాడు. సార్జెంటు ఆ ముక్క లాక్కుని తన చేతి పక్కన పెట్టి చూసి, "ఇది ఎవరి చేయి? ఈ చేయి ఇప్పుడు ఈ దేశంలో చెల్లదు" అన్నాడు. మర్నాడు బాబా ఉతికిన పొడవాటి అంగీ, దిష్‌దాషా, వేసుకుని తానే ఒడ్డుకు పోయాడు. పెద్దవాటిలో మా సగం కూడా మీరే తీసుకోండి, చిన్నవాటిని వదలనివ్వండి అని అడిగాడు. సార్జెంటు సరేనన్నాడు. కొన్నాళ్లు ఆ ఒప్పందం నడిచింది. మేం మామాకు సరిపడా ఒక చేప మాత్రం తెచ్చుకునేవాళ్లం. తర్వాత కుర్రవాళ్లు సార్జెంటు లేనప్పుడు దుప్పటి పట్టుకుని దడిలోకి దిగి, రొయ్యపిల్లల దగ్గరనుంచి అన్నీ ఊడ్చుకుపోవడం మొదలుపెట్టారు.

అట్లా ఉండగా ఒక సాయంత్రం సార్జెంటే గేటు దాకా వచ్చాడు. ఒడ్డు పొడుగునా మందుపాతరలు పెడుతున్నారు, రేపటి ఆటు తర్వాత తన మనుషులు కూడా నీళ్లలోకి పోరు అన్నాడు. రేపు ఒక్కసారి పోయి ఉన్నవన్నీ తెచ్చి ఇమ్మన్నాడు. అతను పోయాక బాబా వసారాలోకి పోయి నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత మా ఆయన్ను పిలిచి, "రేపు చేపలు తోడవద్దు. తలుపు తీసి, మళ్లీ మూసుకోకుండా గుంజకు కట్టి రా" అన్నాడు. తలుపు చట్రం పాతది, బరువైనది, ఒక్క మనిషి ఊడదీసి మోసుకు వచ్చేది కాదు. ఉన్న కాస్త సమయంలో చేపలు తోడటమో తలుపు తీసి కట్టడమో, ఒకటే అవుతుంది.

నేను వంటింట్లో మా ఆయనతో గొడవపడ్డాను. "ఆఖరి రోజు ఉన్నన్ని తెస్తే ఉప్పేసి ఎండబెడతా గదయ్యా. ఆమెకు గొంతులో దిగేది అదొక్కటే. చేపలు బతకల్లని ముసలామెను పస్తు పెడతారా? వాడు కాల్చినాడంటే నా గతేంది?" గొంతు పెంచాను కాబోలు, మామా మంచం మీద నుంచి ఏమిటని అడిగింది. బాబా దాచకుండా చెప్పాడు. ఆమె "తెరవండి" అంది. "నేను పప్పునీళ్లు తాగుతాను. ఈ పిల్ల వచ్చినప్పటినుంచీ నన్ను పప్పుతోనే చంపాలని చూస్తోంది. చంపనీ."

మర్నాడు మిద్దె మీద నుంచి చూశాను. ఆయన బురద దాటి గదిలోకి దిగాడు. తలుపు లాగి, గుంజకు ఆనించి, తీగ చుట్టాడు. మళ్లీ చుట్టాడు. అంత దూరం నుంచి ఆయన మోచేతులు కదలడమే కనిపించేది. తర్వాత దడి వెంట నడుస్తూ ఖాళీ బుట్టతో తిరిగి వచ్చాడు. సార్జెంటు బుట్టలోకి తొంగి చూసి చెంప మీద కొట్టాడు. బుట్టను కాలితో తన్నాడు. ఇసకలో మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. నేను కిందికి పరుగెత్తేసరికి బాబా అప్పటికే గేటు దాటి పోతున్నాడు. నన్ను రావద్దని చేయి ఊపాడు. పోయి మా ఆయన పక్కన, ఆయన లాగే ఇసకలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. వేడుకోలేదు. సార్జెంటు మొదట అరిచాడు, తర్వాత అటు తిరిగి సిగరెట్టు కాల్చుకున్నాడు. మధ్యాహ్నం దాటాక ఇద్దర్నీ లేచిపొమ్మన్నాడు. లేవలేక బాబా మా ఆయన భుజం పట్టుకున్నాడు. ఎవరు ఎవరిని నడిపించుకొస్తున్నారో చెప్పలేకపోయాను.

ఆ శీతాకాలమంతా మామా పప్పునీళ్ల మీదే ఉంది. చిక్కిపోయింది. పక్క మార్చేటప్పుడు నాకు బరువు తెలిసేది కాదు. ఒడ్డున తీగలు, వాటి అవతల దడి గుంజలు కిటికీలోంచి కనిపించేవి. తలుపు కనిపించేంత దగ్గర కాదు. ఆ చలిలో గాలి ఎప్పుడూ ఇంటి వైపు నుంచి నీళ్ల మీదికే వీచేది, అటునుంచి ఏ వాసనా వచ్చేది కాదు. నీళ్లు వెనక్కి పోయే వేళకు మామా అడిగేది, "తలుపు తీసే ఉందా?" బాబా చెప్పేవాడు, "తీసే ఉంది." "పోతున్నాయా?" "పోతున్నాయి." రోజూ ఇదే మాట. బాంబుల మోత మొదలైన రోజుల్లోనూ, కరెంటు పోయిన రోజుల్లోనూ ఆమె అది అడగడం మానలేదు. ఆ ఇంట్లో ఎవరికీ ఏదీ ఖాయంగా తెలియదు. కొడుకులు ఎక్కడున్నారో, డబ్బు చెల్లుతుందో లేదో, రేపు రొట్టె ఉంటుందో లేదో తెలియదు. ఆ తలుపు ఒక్కటి తీసి ఉందని తెలుసు.

ఇప్పుడు ఆ ఒడ్డున పెట్టిన బోర్డు మంచిదే. దానిలో ఉన్నది బాబా చెప్పినదే, ఇంకా వివరంగా. కొలత ఒకరి చేతిని బట్టి కాక అందరికీ ఒకటే ఉంది. నెలలు ఒకరి ఇష్టాన్ని బట్టి కాదు. అప్పట్లో ఆ కట్టుబాట్లు ఒక మనిషి ఉన్నంత వరకే ఉండేవి, పక్క దడి వాడు వాటిని నవ్వులాటకు తీసుకునేవాడు. అందుకని ఆ కాలమే మేలని నేను అనను. అబ్బాసియా కుర్రవాళ్లు ఆఫీసర్ల బండికి భయపడతారు, అది కూడా ఒక మేలే. మా ఆయన ఎవరి బండికీ భయపడి చిన్న చేపను వదల్లేదు. తిరిగి వచ్చి మా ఊళ్లో ఉన్నన్నాళ్లూ కూడా, చెరువు ఎండేటప్పుడు జనం ఎగబడితే ఆయన గట్టు మీద నిలబడి చూసేవాడే కాని దిగేవాడు కాదు. దానివల్ల ఎన్ని చేపలు మిగిలాయో నాకు తెలియదు. ఆయనా ఎప్పుడూ లెక్క చెప్పలేదు.

యుద్ధం ముగిసింది. సైనికులు పోయారు. నూనెబావుల పొగతో పగలు కూడా దీపం పెట్టుకోవలసి వచ్చేది, ఆరేసిన బట్టల మీద మసి పడేది. నీళ్ల మీద జిడ్డు తేలేది. కొంతకాలానికి మందుపాతరలు తీసేవాళ్లు మా ఒడ్డుకు వచ్చారు. పని ముగించి, దడి దాకా ఒక దారి శుభ్రం చేశామని, గుర్తులు దాటకుండా పోయి చూసుకోవచ్చని అన్నారు. మా ఆయన వాళ్ల వెంట పోయాడు. తిరిగి వచ్చి ముందు గేటు నుంచి రాకుండా వెనక కుళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కోసాగాడు. ఎంతకూ కడుగుతూనే ఉంటే నేను దగ్గరికి పోయాను.

"మూసుండాది" అన్నాడు.

"ఏంది?"

"తలుపు. నేను కట్టిన తీగ తెంపి, మూసి, ఫోను తీగతో బిగించినారు. ఆ పిల్లోళ్లే అయ్యుంటారు. నా తరవాత ఒకసారో రెండుసార్లో తోడుకోనుంటారు. మళ్ల బాంబులు పెట్టినాక వాళ్లూ పోలేక పోయినారు."

"చేపలు?"

"ముండ్లు. గదినిండా ముండ్లే. ఇన్నాళ్లూ పడతానే ఉండాది."

నీళ్లు పారుతూనే ఉన్నాయి. నేను కుళాయి కట్టేశాను. "బాబాకు చెప్పొద్దు" అన్నాను.

"అడిగితే అబద్ధం ఎట్ల చెప్పేది?"

"అడగకముందే పోయి చెప్పొద్దు."

బాబా మా మాట వినకపోయినా, వసారా మెట్టు మీద మా కోసమే నిలబడి ఉన్నాడు. "రమణా, తలుపు?" అన్నాడు.

"ఇప్పుడు తీసుండాది బాబా. నేను తీసొచ్చినా" అన్నాడు మా ఆయన.

బాబా ఆయన ముఖం చూశాడు. తర్వాత చేతులు చూశాడు. కడిగినా గోళ్లలో తుప్పు ఉంది. ఒక వేలు తీగకు కోసుకుపోయి ఉంది.  గొంతు తగ్గించి, "మామాకు చెప్పకు" అన్నాడు.

నేను లోపలికి పోయి మామా కాళ్ల దగ్గర కూర్చుని నూనె తీసుకున్నాను. ఆమె మేలుకునే ఉంది. బాబా గుమ్మంలోకి రాగానే అడిగింది. "పోయి చూశాడా? తలుపు తీసే ఉందా?"

"తీసే ఉంది" అన్నాడు బాబా.

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. "ఆ చిన్నవి" అంది కళ్లు తెరవకుండానే, "ఈపాటికి నీ జాన దాటి ఉంటాయి."

"దాటి ఉంటాయి" అన్నాడు బాబా.

నేను తల ఎత్తలేదు. ఆమె కాలిపిక్క ఎముకకు అంటుకుపోయి ఉంది. దానికి నూనె రాస్తూ ఉన్నాను.